పథేర్ పాంచాలి: చదివిన కథ, చూచిన కథ



ముప్పది యేండ్లకు పైగా నేను బడిపిల్లలకు తెలుగు బోధించితిని. ఉత్తమ గ్రంథమును తెర కెక్కించిరని విన్నప్పుడెల్ల, మూలమందలి దేది పోయినది, లేనిదేది చేరినది యని తప్పులెన్నుట నా యలవాటు. ఆ యలవాటుతోడనే యిటీవల పట్టణమున మా కుమారుని యింట ‘పథేర్ పాంచాలి’ యను వంగ చలనచిత్రమును చూడ గూర్చుంటిని.

ఈ నవలను విభూతిభూషణ బందోపాధ్యాయుడు రచించెను. అది 1929లో గ్రంథరూపమున వెలువడినది. సత్యజిత్ రాయ్ 1955లో దానిని చిత్రముగా తీసెను. ఆయనకు అదియే తొలి చిత్రము. నిశ్చిందిపురమను పల్లెలో హరిహరుడను పేద బ్రాహ్మణుడు, ఆయన భార్య సర్వజయ, కుమార్తె దుర్గ, కుమారుడు అపు. వీరి బ్రతుకే కథ.

ఇరుగుపొరుగు వారి వస్తువొకటి పోగా దొంగతనము దుర్గపై మోపుదురు. ఆమె కాదనును, దెబ్బలు తినును. పిమ్మట వానలో తడిసి, జ్వరము వచ్చి మరణించును. ఊరు విడుచుటకు సామానులు సర్దుచుండగా పోయిన వస్తువు అపు కంటబడును. తీసినది అక్కయే! బాలు డెవ్వరికిని చెప్పక దానిని పారవైచును.

నవలలో ఆ వస్తువు బంగారు కుంకుమభరిణె. అపు దానిని వెదురుపొదలలోనికి విసరును. చిత్రమం దది పూసలపేరు, విసరుట చెరువులోనికి. “ఇదిగో, మూలమును మార్చినారు” అంటిని. “కొంచె మోపికపట్టి చూడుడు, నాన్నగారూ” అని మా వాడనెను.

చూచితిని. పేరు పడినచోట నాచు తొలగి నీరు కనబడినది. క్షణములో నాచు మరల క్రమ్ముకొన్నది. పలుకొక్కటి లేదు. ఆ బాలుని హృదయము నాకప్పుడు బోధపడినది.

భారతమందలి శకుంతల కథలో దుర్వాసుని శాపము లేదు. ఉంగరము పోవుటయు లేదు. అవి కాళిదాసు చేర్చినవి. ఆయనను కొనియాడు నేను ఈ పూసలపేరును నిందించుట యేమి న్యాయము? శ్రవ్యమును దృశ్యముగా మార్చువాడు వస్తువులను మార్చవచ్చును, రసమును చెడగొట్టరాదు. హరిహరుడు పరదేశమునుండి కూతునకు చీర తెచ్చి విప్పి చూపినప్పుడు తల్లి యేడ్చును. ఆ యేడ్పు మనకు వినబడదు. దానికి మారుగా రవిశంకరుని సంగీతమందలి తార్ షెహనాయి విలపించును. ఏడ్పు వినిపించినదానికంటె ఎక్కువగా నా గుండె కరగినది.

ఇక నాకు మిక్కిలి సిగ్గు కలిగించిన విషయము చెప్పెదను. బడిలో నే నీ కథ చెప్పి, అపు చేసినది ధర్మమా యని పిల్లల నడుగుచుండెడివాడను. ఒక బాలిక లేచి, “చనిపోయిన అక్కకు చెడ్డపేరు రాకుండ చేయుట తప్పా అండీ?” అని యడిగినది. “సత్యమును దాచుట దోషమే” యని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆమె ముఖము చిన్నబోయెను. చూచియు కారణ మడుగనైతిని.

పరుల సొమ్ము పరులకు చేరవలెననుటను నేనిప్పుడును కాదనను. కాని చచ్చినవారు సంజాయిషీ చెప్పుకొనలేరు. వారి పక్షమున నిలుచుటకు ఆ యింట నున్నది ఆ పసివాడొక్కడే. వాని మౌనమును అసత్యముతో సమముగా తూచితిని. తూకము తప్పినది నాదే.

పెద్దలారా! పొరుగుతోటలో జామకాయ కోసిన పిల్లకు ‘దొంగ’ యని పేరు పెట్టుట మనకు నిమేషము పని. ఆ పేరును మోయుట ఆ పిల్లకు బ్రతుకంత పని. కోపము వచ్చినప్పు డా చెరువును తలచుకొనుడు.

ఆ విద్యార్థిని నేడెచ్చట నున్నదో! ఈ ప్రసంగము విన్నచో, ఆనాటి నా మాటను నేను ఉపసంహరించుకొంటినని యామె యెరుగుగాక.