శిశువిహారపు గోడపై సంక్రాంతి

(సమాజము వారి సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు అప్పగింపబడిన విషయము మిక్కిలి చిన్నదిగా తోపవచ్చును. కార్యాలయమునకు పోవు తలిదండ్రులు పగటివేళ విడిచిపోయిన పసిపిల్లలచేత సంక్రాంతికి గోడ అలంకరింపజేయుట ఎట్లు? గంభీరోపన్యాసములు విని అలసిన సభకు ఇది విశ్రాంతిగా ఉండునని కార్యదర్శిగారు తలచి ఉందురు. వారి ఊహ సగమే నిజమని మనవి చేసుకొనుచున్నాను.

ఏబదిమందియు, అంతకు మించియు ఉద్యోగులు గల సంస్థలు శిశువిహారమును ఏర్పరుపవలెనని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమునకు సవరణ వచ్చినది. తల్లి దినమునకు నాలుగుసారులు పోయి బిడ్డను చూచి రావచ్చునని కూడ అందున్నది. ఆ నియమమే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను చేరినది. అనగా మన బిడ్డలలో అనేకులకు పండుగ యనిన ఏమియో తొలుత తెలియునది తాతగారి వాకిట కాదు. ఢిల్లీ చలిలో, ఒక ప్రభుత్వ భవనపు క్రింది అంతస్తున, నాలుగు గోడల నడుమ. ఆ గోడమీద ఏమి కనిపించిన అదియే వారికి సంక్రాంతి.

మన పల్లెలలో పండుగ పనియందు పిల్లలకు ఒక వాటా ఉండెడిది. గోడలకు వెల్ల పెద్దల పని. చుక్కల ముగ్గు అక్కల పని. భోగిపిడకలు మాత్రము పిల్లలవే. ధనుర్మాసము పొడుగునను ఆవుపేడ తెచ్చి, చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి, నడుమ వ్రేలితో రంధ్రము చేసి, ఎండబెట్టి, త్రాట గ్రుచ్చి, భోగినాటి తెల్లవారుజామున దండగా మంటలో వేసెడివారు. ఒక బిళ్ళ పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకర. దానిని దిద్దవలెనని ఏ అమ్మమ్మకును తోచలేదు. నేను చెప్పదలచినదంతయు ఈ దండలోనే ఉన్నది.

మరి నేడు జరుగుచున్నదేమి? నేను చూచిన ఒక శిశువిహారమున అధికారులు వచ్చుచున్నారని తెలిసి, ముందునాటి సాయంత్రము సేవికలు పిల్లలు చేసిన గంగిరెద్దులను తీసివేసి, తామే చక్కగా కత్తిరించి రంగులద్దిన ఎద్దులను అతికించిరి. మరునాడు అధికారులు మెచ్చుకొనిరి. నాలుగేండ్ల బాలుడొకడు మాత్రము గోడ పొడుగునను నడచుచు తన ఎద్దును వెదకుకొనెను. వాని ఎద్దునకు అయిదు కాళ్ళుండెను. గుర్తుపట్టుట కష్టము కాదు. అది చెత్తబుట్టలో ఉన్నదని వానికి చెప్పువారు లేరు. సేవికలది తప్పని నేననను. గోడను చూచి వారి పనికి మార్కులు వేయువారము మనమే గదా!

బిడ్డ చేయి ఎంతవరకు పోగలదో తెలిసినచో ఈ తొందర చాలవరకు తగ్గును. రెండేండ్ల బిడ్డ గీతలు గీకును; అది వానికి సంపూర్ణమైన పని. మూడేండ్ల ప్రాయమున ఇంచుమించు గుండ్రని సున్న చుట్టగలడు. నాలుగేండ్లకు అడ్డగీత, నిలువుగీత కలిపి వేయును. ఆ తరువాత చతురస్రము, అయిదేండ్లకు త్రికోణము వచ్చును. కాని మూల మీద నిలిచిన చతుష్కోణము, అనగా మన గాలిపటము, చూచి గీయుటకు ఏడేండ్లు రావలెనని పరీక్షకులు నూరేండ్ల క్రిందటనే గుర్తించిరి. అట్టి గాలిపటమునే మనము నాలుగేండ్ల వారిచేత గీయింపబూని, రాలేదని చేయిపట్టి దిద్దుచున్నాము! చతురస్రపు కాగితమును చేతికిచ్చి ఒక మూల క్రిందికి త్రిప్పుమన్నచో గాలిపటము సిద్ధము. తోకకు పాతచీర అంచు చాలును. చుక్కల ముగ్గును అంతే. చుక్కలు పెట్టుట పసివారికి పరమానందము. మెలికలు త్రిప్పుట వారి పని కాదు. చుక్కలు పెట్టి ఊరకొననిండు.

గోడను ఎట్లు కూర్చవలెనని అడుగుదురేమో. నడుమ భోగిమంట. ఏడాది నిండినవారు మొదలుకొని అందరును పసుపు, ఎరుపు రంగులలో అరచేతులు ముంచి కాగితముపై అద్దవలెను. వ్రేళ్ళు పైకి ఉండునట్లు అద్దిన చేతులు ఒకదానిపై నొకటి చేరినచో వేరుగా మంట గీయనక్కరలేదు. దాని క్రింద మూడేండ్లవారు చుట్టిన సున్నలు పిడకలదండగా. పైన గాలిపటములు. రథము ముగ్గు త్రాడును ఇరుగుపొరుగు వాకిళ్ళ ముగ్గులకు కలుపుట మన ఆచారము గదా. అట్లే ఒక ఊలుదారమును ఒక బిడ్డ కాగితమునుండి మరియొక బిడ్డ కాగితమునకు సాగదీసిన, ఎవరి పనియు ఒంటిగా మిగులదు.

ఈ మంట మన ఒక్కరిదే కాదనుటయు ఇందు గల సుఖము. అదే గదిలో పంజాబీ బిడ్డకు జనవరి 13న లోహడీ మంట. తమిళ బిడ్డకు బోగి. అస్సామీ బిడ్డకు మేజి. వివాదము లేకుండ ఒక్క గోడ నలుగురికి చాలును.

వస్తువుల మాట. 2022 జూలై 1 నుండి అలంకరణకు వాడు థర్మోకోలు దేశమంతట నిషిద్ధము. దానికై బజారునకు పోనక్కరలేదు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితములకు కార్యాలయములలో ఏనాడును కరవు లేదు. పసుపునీట చిటికెడు వంటసోడా వేసినచో ఎరుపు తిరుగును. కన్నులయెదుటనే రంగు మారుట చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. పారాణికి వలె సున్నము కలుపుదుమనుకొనకుడు. అది పసికన్నులకు ప్రమాదము. జిగురునకు ఉడికించిన మైదా శ్రేష్ఠము. పురుగు పట్టకుండ పూర్వము మైలుతుత్తము కలిపెడివారు; అది విషము గనుక, వ్రేళ్ళు నోట పెట్టుకొను పిల్లలున్నచోట దానిని తలపనైన కూడదు. పూసలు, రేగుగింజలు, గుండుసూదులు మూడేండ్లలోపు వారి దరి చేరనీయరాదు; ఏది చేతికందిన అది నోటికే పోవును. జనవరిలో గది మూల విద్యుత్తు హీటరు వెలుగుచుండును. కాగితపు తోరణము దానికి ఎదుటి గోడకే కట్టవలెను. గోడకు మేకులు కొట్టక, కిటికీనుండి కిటికీకి త్రాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించినచో భవనరక్షకులకును కోపము రాదు.

ఇక ఎత్తు. మూడేండ్ల బిడ్డ నిలిచిన సుమారు మూడడుగులు. వాని చూపు అంతకన్నను దిగువ. మనము తోరణములను అయిదడుగుల ఎత్తున కట్టి, పిల్లలు చూచుట లేదందుము. 1907 జనవరిలో మరియా మాంటిస్సోరీ రోము నగరమున స్థాపించిన బాలగృహపు పద్ధతిలో నల్లబల్లలను అతి చిన్న బిడ్డకు సైతము అందునంత క్రిందుగా అమర్చిరి. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి మనవారికి బోధించినది కూడ ఆ పద్ధతియే. నూరేండ్లు గడచినను మన గోడలు క్రిందికి దిగలేదు.

తెనుగు మాటయు ఒకటున్నది. మన పిల్లలు సేవికతో హిందీ, ఆటలో హిందీ, ఇంట అరకొర తెలుగు మాటలాడుచున్నారు. చుక్క, మెలిక, తోక, పిడక, గొబ్బెమ్మ, హరిదాసు అను మాటలు పుస్తకము ముందు కూర్చుండబెట్టి నేర్పిన నిలువవు. చేయి పనిలో ఉన్నపుడు చెవికి సోకిన మాట నిలుచును. మధ్యాహ్నపు విరామమున బిడ్డను చూడబోవు తల్లులు, తండ్రులు ఒక పావుగంట నేల కూర్చుండి "తోక ఇంకను పొడుగు కావలెనా, నాయనా?" అని అడిగినచో అంతకు మించిన తెలుగు పాఠము లేదు. కత్తెర మాత్రము వారి చేతినుండి తీసికొనకుడు. అధికారులకు చూపుటకు అందమైన బొమ్మ కావలెనన్నచో దానిని సందర్శకుల గదిలో పెట్టుకొందము.

కనుమ గడచిన పిదప ఆ కాగితములను చింపి పారవేయక, ఎవరివి వారికిచ్చి ఇంటికి పంపవలెను. సమాజము వారిని కోరునది ఒక్కటే: వచ్చు ధనుర్మాసము ఆరంభమునకు, అనగా డిసెంబరు నడిమికి, ప్రతి సభ్యుడును ఒకవైపు ఖాళీగల కాగితములు ఒక కట్ట, పాత ఊలుదారపు ఉండ ఒకటి తెచ్చి గ్రంథాలయపు బల్లపై ఉంచవలెను. శిశువిహారములకు చేర్చు పని నేను చూచుకొందును.