తోడు దొరికిన చదువు

 

హెలెన్ కెల్లర్ పేరు వినని పాఠకులు అరుదు. 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, టస్కంబియా అను చిన్న పట్టణమున జన్మించి, పందొమ్మిదవ నెలలో జబ్బుపడి చూపును వినికిడిని కోల్పోయిన ఆ బాలిక 1904లో పట్టభద్రురాలయ్యెను. 1955లో మన దేశమునకును వచ్చెను. 1887 ఏప్రిల్ 5వ తేదీన చేతిపంపు నీరు ఒక చేతిపై పడుచుండగా, రెండవ అరచేతిలో ఉపాధ్యాయిని ఆన్ సల్లివన్ 'నీరు' అను మాటను వేళ్ల గుర్తులతో కూర్చి చూపిన కథను అందరును చెప్పుదురు. దానికి ముందువెనుకల జరిగినవి చెప్పువారు తక్కువ. తల్లిదండ్రులకు నిజముగా ఉపకరించునవి అవియే.

ఉపాధ్యాయిని రాకపూర్వము హెలెన్ ఒకనాడు తల్లిని కొట్టుగదిలో పెట్టి తాళము వేసి, ఆమె తలుపు బాదుచుండగా ఆ అదురు తనకు తగులుచుండ, మెట్లపై కూర్చుండి నవ్వెను. దీనిని పొగరనుట తేలిక. కాని తానొక మనిషినన్న ఎరుకయే ఆనాడు తనకు లేదని పెద్దయైన పిదప ఆమె వ్రాసినది. నీటి పేరు తెలిసిన నాటి ఉదయమున సయితము ఆమె కొత్త బొమ్మను నేలకు కొట్టి పగులగొట్టినది, విచారపడలేదు. పంపు వద్దనుండి తిరిగి వచ్చి, ఆ ముక్కలను తడవి యేరి, అతుకజూచి, అతుకక కన్నీరు పెట్టుకొన్నది. అదియే ఆమె మొదటి పశ్చాత్తాపము. మాట తెలిసినంతనే తాను చేసిన పని తనదని తెలిసినది.

ఇక తోడు మాట. సల్లివన్ ఆ యింట పనిచేయు బాలుని కూడ పిలిచి ఆ అక్షరములే నేర్పెను. వాడు తప్పిన హెలెన్‌కు పరమానందము. మరల మరల చేయించెడిది. కుక్క పంజాను పట్టుకొని దానికిని పాఠము చెప్పబోయెను! నేర్పించుకొనుటయే గాని నేర్పుట యెరుగని బిడ్డకు అది యెంత గౌరవమో గదా. 1888లో బోస్టన్ నగరమందలి పెర్కిన్స్ అంధ విద్యాలయమునకు వెళ్లినపుడు అచ్చటి పిల్లలందరికిని తన వేళ్ల భాష వచ్చునని తెలిసి ఆమె పొంగిపోయినది. అంతవరకు దుబాసి లేనిదే ఆమెకు కొత్తవారితో మాట లేదు. ఆ పిల్లలును చూపులేనివారే యని గ్రహించి నొచ్చుకొన్నను, ఆటలలో ఆ నొప్పి మరచెను.

మన గ్రామములలో బిడ్డను లోపమును బట్టి పిలుచు దురాచారము కలదు. తన్ను గూర్చి ఆ బిడ్డ నేర్చుకొను మొదటి పాఠ మదియే యగుచున్నది. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది గాని, ప్రక్కవాడు వచ్చి కూర్చుండుట చట్టముతో కాదు. చెవిటి బాలునికి సంకేతభాష నేర్పిన చాలదు. ఆతని చెలికానికిని నేర్పవలెను. 3000 పదములతో భారతీయ సంకేతభాషా నిఘంటువు 2018లో వెలువడినది. మెల్లగా గ్రహించు బిడ్డకు కోపము, భయము, ఇక చాలు అను మాటలను బొమ్మలతో చూపి, తనకేది కావలయునో తననే చెప్పనీయవలెను. తల్లి ముందే చెప్పివేయరాదు.

వారమున కొకనాడు గ్రంథాలయమున పుస్తకములు అందిచ్చు పనిని అట్టి బిడ్డకు అప్పగింపవచ్చును. ఒకటి అడిగిన మరొకటి ఇచ్చినచో, పుచ్చుకొన్నవారే నవ్వుచు చెప్పుదురు.