జోస్యపు పేక: టారో ముక్కలూ, తేలిక ముక్కలూ



పంచాంగశ్రవణం కాగానే పాశ్చాత్యుల జోస్యపు పేకను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను రైల్వే గుమాస్తాను, పండితుణ్ణి కాను. తెలిసినంత మనవి చేస్తాను.

టారో పేకలో 78 ముక్కలు. 22 పెద్దవి, 56 చిన్నవి. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో యిది వట్టి ఆటపేక. 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు యిది ప్రాచీన ఈజిప్టు విద్య అని వ్రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలవాడే లేడు. షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో! అయినా ఆ మాట పాతుకుపోయింది. నేడు విరివిగా కనిపించే పేక 1909లో లండనులో వెలువడింది. వెయిట్ అనే ఆయన సూచనలపై పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది.

తేలిక రకాలలో లెనోర్మాన్ పేక ఒకటి. ముక్కలు 36, ఓడ, ఇల్లు, తాళంచెవి వంటి బొమ్మలు. 1799 ప్రాంతంలో న్యూరెంబర్గులో ఆటగా పుట్టింది. 1843లో చనిపోయిన ప్రఖ్యాత సోదెకత్తె లెనోర్మాన్ పేరు ఆ తరువాత తగిలించారు. యింకా కొత్తవి ఒరాకిల్ కార్డులు. వీటికి లెక్కా లేదు, నియమమూ లేదు. “ధైర్యం వహించు” వంటి మాట చాలావాటిలో ముక్క మీదనే అచ్చయి వుంటుంది.

మా భాషలో చెప్పాలంటే టారో టైంటేబిలు వంటిది. చదవడం నేర్చుకోవాలి, బండి ఎక్కడ మారాలో చూచుకోవాలి. ఒరాకిల్ కార్డు టిక్కెట్టు వంటిది. వూరి పేరు దానిమీదే వుంటుంది. ఎవరికివారే చదువుకోవచ్చు, మధ్యవర్తికి దక్షిణ యివ్వనక్కరలేదు. అది దాని సుగుణం. కాని టారోలో 13వ ముక్క మృత్యువు, 16వది పిడుగుపడిన బురుజు. ఒరాకిల్ పేకలు పెక్కింటిలో యిటువంటివి వుండవు, అంతా తీపే. వేపపువ్వు లేని ఉగాది పచ్చడి!

అయితే రేపటి సంగతి ఏ పేకకూ తెలియదు. కలిపిన చేతిని బట్టి ముక్క వస్తుంది. మన చిలకజోస్యమూ అంతే. బొమ్మ చూచి మన మనసులోని మాట మనకు తోస్తే మంచిదే. ముక్క బాగులేదని పిల్లకు వచ్చిన సంబంధం వదులుకోవడం, ముక్క బాగుందని డాక్టరు దగ్గరకు పోకపోవడం, దుఃఖంలో వున్నవారి వద్ద దోషపరిహారమని సొమ్ము గుంజడం, యివి మాత్రం కీడు.

పుట్టినవూరికి దూరంగా, బంధుబలం తక్కువగా వున్న మనకు యీ ఆశ ఎక్కువ. కష్టం వస్తే ముక్క తీయకముందే పక్కింటి తలుపు తట్టండి, వారి భాష ఏదైనా సరే. మన సంఘం తలుపు కూడా తెరిచే వుంటుంది.

సెలవు.