బిలవ్డ్: సంకెళ్లలో ఒక తల్లి

అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవ్డ్' గురించి ఈరోజు చెప్పుకుందాం.

1987లో వచ్చిన ఈ నవలకు మూలం నిజంగా జరిగిన ఘోరం. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో సహా కెంటకీ నుంచి పారిపోయి, గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి సిన్సినాటి చేరింది. పారిపోయినవాళ్లను పట్టి యజమానికి అప్పగించాలన్నది 1850 నాటి చట్టం. వెంటాడి వచ్చినవాళ్లు ఇంటిని చుట్టుముట్టగానే, మళ్లీ ఆ నరకంలోకి పంపలేక ఆమె తన చిన్నారి కూతురిని చంపేసింది.

ఆ రోజుల్లో తండ్రి ఎవరైనా సరే, బానిస కడుపున పుట్టిన బిడ్డ బానిసే. తల్లినీ బిడ్డనూ చెరో చోటికి అమ్ముకునే వీలుండేది. కన్నబిడ్డ మీద కూడా హక్కులేని తల్లి గుండెకోతే ఈ నవల.

నవలలో ఆ తల్లి సెథ. పసిపాప కోసం చేపు వచ్చిన చనుబాలను యజమాని మనుషులు బలవంతంగా లాక్కుంటారు. ఆ సంగతి బయటపెట్టినందుకు, నిండు గర్భిణి అని కూడా చూడకుండా వీపు చీలిపోయేలా కొరడాతో కొడతారు. ఏళ్లు గడిచినా ఆమెను దహించేది దెబ్బల నొప్పి కాదు, బిడ్డ నోటి పాలు దోచుకున్నారన్న బాధ.

ఏళ్ల తర్వాత, ఆమె చేతుల్లో చనిపోయిన కూతురే తిరిగొచ్చిందా అనిపించే ఒక యువతి సెథ ఇంటి గడప తొక్కుతుంది. అక్కడి నుంచి సెథ గతం ఆమెను నిలువునా మింగేయబోతుంది.

1988లో పులిట్జర్ బహుమతి అందుకున్న ఈ నవల చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా తప్పక చదవండి. ఆ తల్లిని దోషి అనేముందు, ఆమెను అక్కడిదాకా నెట్టిన చట్టాన్ని బోనులో నిలబెట్టాలని ఈ నవల నేర్పుతుంది.