పేస్‌మేకర్ పెట్టించుకున్న తర్వాత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్న వారు మన మొహల్లాల్లో ఇప్పుడు అక్కడక్కడ కనబడుతున్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల పేదలకూ ఈ చికిత్స అందుతున్నది. ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదీ కదులుతాం. కర్నూలో, తిరుపతో, హైదరాబాదో తీసుకుపోతాం. ఇంటికి వచ్చాక మాత్రం "మిషన్ పెట్టేశారు, ఇంకేం భయం" అనుకుంటాం. ఆ పైన ఏదైనా తేడా వస్తే, మళ్లీ ఖర్చు, మళ్లీ తిరుగుడు అని చెప్పటానికి వెనకాడతాం. ఈ వెనకాడటం గురించే నాలుగు మాటలు మనవి చేస్తాం.

లోకంలో మొట్టమొదట ఒంటిలోపల పేస్‌మేకర్ అమర్చింది 1958 అక్టోబరు 8న, స్వీడన్‌లో, ఆర్నె లార్సన్ అనే ఆయనకు. ఆ మిషన్ కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన నిరాశపడలేదు. చెడినప్పుడల్లా ఆసుపత్రికి పోయి, ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ల వయసు వరకు బతికారు. తేడా వచ్చినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. ఆలస్యం చేస్తేనే ముప్పు.

మొదటిది గాయం. కొన్నాళ్లు కమిలి, కొద్దిగా నొప్పి ఉండటం మామూలే. వాపు పెరుగుతూ పోయినా, ఎర్రబడి వేడిగా తగిలినా, రసి కారినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే పోవాలి. నెలలు గడిచాక మిషన్ పైన చర్మం పలచబడినా అంతే. మన ఎండలకు చెమట ఎక్కువ, గాయాన్ని పొడిగా ఉంచాలి. పసుపు నూనె పూయటం, ఆకు కట్టటం వద్దు. ఊళ్లో ఆర్.ఎం.పి. చేత సూది పెట్టించి రసి తీయించటం అసలే వద్దు. సూదితోనే క్రిమి లోపలికి పోతుంది. మిషన్‌కు చీము పట్టిందంటే మాత్రలతో పోయేది కాదు. సాధారణంగా మిషన్, వైర్లు అన్నీ తీసి వేరే చోట కొత్తది పెట్టవలసి వస్తుంది. దర్గాలో దువా చేయించండి, ఎవరూ కాదనరు. బస్సు టిక్కెట్టు కూడా ఆ రోజే తీసుకోండి.

రెండవది వైరు జరగటం. ఇది ఎక్కువగా మొదటి వారాల్లోనే జరుగుతుంది. కళ్లు తిరగటం, తూలిపడటం, ఆగని వెక్కిళ్లు దీని గుర్తులు. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.

మూడవది చెయ్యి. నాలుగైదు వారాలు ఆ చేతిని భుజం పైకి ఎత్తవద్దని, బిందెలు మోయవద్దని చెప్తారు. అలాగని భయపడి నెలల తరబడి కదపకుంటే భుజం బిగుసుకుపోతుంది. భుజం కిందుగా మెల్లగా ఆడిస్తూ ఉండాలి. సజ్దాలో చేతుల మీద బరువు పడుతుంది గనుక, డాక్టరు సరేననే దాకా కూర్చుని నమాజు చేయండి. జబ్బు మనిషికి దీన్‌లో ఆ సడలింపు ఉంది. రోజా ఉండదలచిన వారు మాత్రల వేళలు ముందే అడిగి తెలుసుకోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా మానరాదు.

మనవాళ్లలో మెకానిక్కులు, వెల్డింగు పనివారు చాలామంది. మళ్లీ పనిలోకి దిగే ముందు పని ఏమిటో డాక్టరుకు వివరంగా చెప్పాలి. సెల్‌ఫోన్ మిషన్ ఉన్న వైపు జేబులో పెట్టరాదు. ఆసుపత్రివారిచ్చే కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి. స్కానింగు అంటే ముందు ఆ కార్డే చూపాలి.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. ఆపరేషన్‌కు చందాలు వేసుకుంటాం, మంచిదే. తర్వాతి చెకప్‌లకు ఛార్జీల కింద కొంత మొత్తం విడిగా ఉంచుదాం. తోడు ఎవరూ లేని ముసలివారి వెంట ఒక కుర్రవాణ్ణి పంపుదాం. ఇంటి భారం అవుతానని నొప్పి దాచుకునే అమ్మలు, నానీలు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని మనమే అడగాలి.

అల్లా అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.