దివాలా తీసిన కంపెనీ ఎవరిది?

మన జిల్లాలలో ఒక వర్తకుడు అప్పులు తీర్పలేక కోర్టునాశ్రయించినచో "ఐ.పి. పెట్టినాడు" అందురు. దివాలా దరఖాస్తునకు ఆంగ్లమునందు గల పేరులోని మొదటి యక్షరములవి. ఆ మాటలో జాలికంటె ఎత్తిపొడుపే యెక్కువ. కాని వేలమంది పనిచేయు కంపెనీయే ఆ స్థితికి వచ్చినప్పుడు ఎత్తిపొడుపుతో పని జరుగదు. దానిని ముక్కలుగా అమ్మవలెనా, నిలబెట్టవలెనా? నిలబెట్టినచో ఎవరి కొరకు? ఈ ప్రశ్నపై అమెరికా న్యాయశాస్త్ర పండితులు నలువది యేండ్లకు పైగా వాదించుచున్నారు.

వాదమునకు చాల ముందే ఆచరణ పుట్టినది. 1893 నాటి ఆర్థిక సంక్షోభములో యూనియన్ పసిఫిక్, నార్తరన్ పసిఫిక్ వంటి రైల్వే కంపెనీలు చేతులెత్తివేసినవి. అప్పిచ్చినవారు పట్టాలను ఊడబెరికి పంచుకొన్నచో పాత యినుము ధర దక్కును. రైలు నడచినచో బాకీలో కొంతయైనను రాలును. కనుక కోర్టులు రిసీవర్లను నియమించి రైళ్ళను నడిపించినవి. ఆ పద్ధతియే పెరిగి పెరిగి 1978 చట్టములోని పదునొకండవ అధ్యాయమైనది. అందు సాధారణముగా పాత యాజమాన్యమే కంపెనీని నడుపుచు ఋణదాతలతో బేరమాడును.

1982లో థామస్ జాక్సన్ దీనికొక సిద్ధాంతము కట్టిరి. ఉపమానము నాది, ఒక రైసుమిల్లును తలచుకొనుడు. ఋణదాతలు పదిమంది. మొదట వచ్చినవాడు ఇంజనును, రెండవవాడు ధాన్యమును పట్టుకొనిపోయినచో చివరివానికి రేకులషెడ్డు కూడ మిగులదు. అందరికిని వచ్చిన మొత్తము నడచు మిల్లు విలువలో సగమైనను కాదు. ముందుగా కూర్చుండి మాటలాడుకొన్నచో ఆ పదిమందియు ఏ కట్టుబాటున కొప్పుకొందురో దానినే చట్టము అమలు జరుపవలెనని జాక్సన్ మతము. డగ్లస్ బేర్డ్ ఆయనకు తోడైరి. ఉద్యోగములు, ఊరి క్షేమము కాపాడదగినవే కావచ్చును గాని, అది వేరు చట్టముల పని యని వారనిరి.

తరువాతి కాలమున సెనేటరైన ఎలిజబెత్ వారెన్ 1987లో దీనిని తోసిపుచ్చిరి. అందరికిని చాలని సొమ్మున్నచోట నష్టమును ఎవరెంత భరింపవలెనో తేల్చుటయే దివాలా చట్టము పని యని ఆమె వాదము. వేరు పని నేర్వలేని వయసు మీరిన కార్మికుడు, ఆ ఫ్యాక్టరీని నమ్ముకొన్న సరకుదారు, చుట్టుపట్ల ఇండ్లవారు - వీరి చేతిలో పత్రము లేకపోవచ్చును, నష్టము మాత్రమున్నది. తన మార్గము చిక్కులతో కూడినదని ఆమెయే అంగీకరించిరి. దివాలా కోర్టులో ఒక హక్కు, వెలుపల మరొక హక్కు ఉన్నచో లాభమును చూచి కోర్టు మార్చువారు బయలుదేరుదురని బేర్డ్ బదులు పలికిరి.

కాగితముమీద ఇరుపక్షములును స్పష్టముగానే యున్నవి. 2009లో క్రైస్లర్ మోటారుకార్ల కంపెనీ ఆ స్పష్టతను చెరిపివేసినది. ఏప్రిల్ 30న కోర్టుకెక్కిన ఆ కంపెనీ ఆస్తులు జూన్ 10 నాటికి కొత్త కంపెనీకి విక్రయమైనవి. తాకట్టుపై అప్పిచ్చినవారికి దాదాపు 690 కోట్ల డాలర్ల బాకీకి 200 కోట్లు దక్కినవి. తాకట్టులేని విశ్రాంత కార్మికుల వైద్యనిధికి కొత్త కంపెనీలో సగమునకు మించిన వాటా వచ్చినది. వరుస తప్పినదని మార్క్ రో, డేవిడ్ స్కీల్ అను పండితులు ఆక్షేపించిరి. సొమ్ము పెట్టినది ప్రభుత్వము కదా యని ఇతరులనిరి. సరే, సుప్రీంకోర్టుదాక పోయి మొరపెట్టిన ఋణదాతలెవరు? వడ్డీవ్యాపారులు కారు, ఇండియానా రాష్ట్రపు ఉపాధ్యాయుల, పోలీసుల పింఛను నిధులవారు! ఒక వంక ముసలి కార్మికుని మందుల ఖర్చు, మరొక వంక ముసలి పంతులుగారి పింఛను. మిల్లును ముక్కలు కానీయరాదన్నంతవరకు జాక్సన్ మాట చెల్లును. అటుపిమ్మట మిగులునది వారెన్ ప్రశ్నయే యని నాకు తోచుచున్నది.

మన దేశమునకును ఆ ప్రశ్న వచ్చినది. 2016 చట్టము బ్యాంకుల వంటి ఆర్థిక ఋణదాతల సమితికి పెత్తనమిచ్చినది. 2018 సవరణతో నూటికి 66 వంతుల ఓటు చాలునన్నది. సరకిచ్చిన చిన్న వర్తకునికి సాధారణముగా ఓటు లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ భేదమును సమర్థించుచునే, ఇది కేవలము బాకీ వసూలు చట్టము కాదన్నది. కంపెనీని మూసి అమ్మవలసివచ్చినచో, కార్మికులకు రావలసిన 24 నెలల బాకీని తాకట్టు ఋణదాతల సరసన నిలిపినది ఆ చట్టము. అంతకు పూర్వపు జీతబాకీని మాత్రము ప్రభుత్వపు పన్నుల తరువాతి వరుసలో వ్రాసినది.