నిలబడటం కూడా రాజకీయమే

(బస్తర్‌లో క్షేత్ర పరిశోధన తర్వాత ఒక విద్యార్థి అధ్యయన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడాకారులు, జాతీయ గీతం, నిరసన అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను క్రీడల మీద పరిశోధన చేసేవాణ్ణి కాదు. బస్తర్‌లో, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న కోంటా ప్రాంతంలో ఆదివాసీ పిల్లల చదువు మీద పని చేస్తున్నాను. అక్కడి దోర్ల పిల్లలు ఇంట్లో ఒక భాష, సంతలో తెలుగు, బడిలో హిందీ మాట్లాడతారు. ఒకరోజు ఆటల పోటీలు మొదలవడానికి ముందు జనగణమన పాడారు. నా పక్కనున్న కుర్రాడు పాట అయిపోయాక కూడా కొంతసేపు కదల్లేదు. తర్వాత అడిగితే ఇలా అన్నాడు: "ఇంతకుముందు ఆగస్టు పదిహేనుకి మా ఊళ్ళో నల్ల జెండా ఎగరేసేవాళ్ళు సారూ. అప్పుడూ ఇట్టానే నిలబడ్డాం. ఇప్పుడు ఈ జెండాకి నిలబడతన్నాం. నిలబడకపోతే ఏమంటారో అని."

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. గీతం వస్తున్నప్పుడు పిడికిలి ఎత్తితే రాజకీయం అంటాం. మరి భయంతో నిటారుగా నిలబడితే దాన్ని ఏమనాలి?

1968 అక్టోబర్ 16న మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాలు ఇచ్చేటప్పుడు అమెరికా గీతం మోగింది. టామీ స్మిత్, జాన్ కార్లోస్ తలలు వంచి, నల్ల గ్లవుజు తొడిగిన పిడికిళ్ళు ఎత్తారు. కాళ్ళకు బూట్లు లేవు, నల్ల సాక్సులు మాత్రమే ఉన్నాయి. నల్లజాతి పేదరికానికి అది గుర్తు. రెండో స్థానంలో వచ్చిన ఆస్ట్రేలియా తెల్లజాతి అథ్లెట్ పీటర్ నార్మన్ వాళ్ళకు మద్దతుగా మానవ హక్కుల బ్యాడ్జి పెట్టుకున్నాడు. స్మిత్, కార్లోస్‌లను ఒలింపిక్స్ నుంచి పంపేశారు. అందుకు పట్టుబట్టిన ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఎవరీ బ్రండేజ్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అమెరికా ఒలింపిక్ కమిటీ అధిపతి. అక్కడి నాజీ సెల్యూట్లకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. అధికారానికి మొక్కే చేయి ఆయనకు సంప్రదాయంగా కనిపించింది. అధికారాన్ని ప్రశ్నించే పిడికిలి మాత్రమే రాజకీయమైంది.

అదే బెర్లిన్‌లో భారత బృందం హిట్లర్‌కు నాజీ సెల్యూట్ చేయలేదు. ఫైనల్‌కు ముందు హాకీ జట్టు డ్రెస్సింగ్ రూములో కాంగ్రెస్ త్రివర్ణ పతాకానికి వందనం చేసింది. అప్పటి అధికారిక జెండా అది కాదు. ఆ సంఘటనను మనం దేశభక్తిగా గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ 2016లో కాలిన్ కేపర్నిక్ నల్లవాళ్ళ మీద పోలీసు హింసకు నిరసనగా గీతం సమయంలో మోకాలి మీద కూర్చుంటే దాన్ని దేశద్రోహం అన్నారు. ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు.

మన చట్టం ఏమంటుంది? 1971 నాటి చట్టం ప్రకారం ఉద్దేశపూర్వకంగా గీతాన్ని అడ్డుకోవడం, పాడుతున్న సభకు అంతరాయం కలిగించడం నేరం. 1986లో కేరళ విద్యార్థుల కేసులో, బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. గీతం పాడాలని ఎవరినీ నిర్బంధించే చట్టం లేదు, గౌరవంగా నిలబడి మౌనంగా ఉండటం అవమానం కాదు. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అంటే మౌనానికి రాజ్యాంగం చోటిచ్చింది. సమాజం ఇచ్చిందా?

నా అనుభవం ఒకటి చెబుతాను. బడి రోజుల్లో కబడ్డీ పోటీల్లో చీలమండ బెణికి మైదానం పక్కన కూర్చున్నాను. గీతం మొదలైంది. లేవలేకపోయాను. పక్కనే ఇంకో కుర్రాడు కూడా దెబ్బ తగిలి కూర్చున్నాడు. అతన్ని "నొప్పిగా ఉందా?" అని అడిగారు. నన్ను మాత్రం "మీ పేట వాళ్ళకి దేశమంటే లెక్క లేదా?" అన్నారు. కూర్చున్నది ఇద్దరం. ఒకరిది గాయం, ఇంకొకరిది కులం. మన శరీరం ఏమీ చెప్పకపోయినా, దాని తరఫున ఎదుటివాళ్ళే అర్థం చెప్పేస్తారు.

బస్తర్‌లో ఇది ఇంకా తీవ్రంగా ఉంది. 2024లో ఏడు జిల్లాలతో 'బస్తర్ ఒలింపిక్స్' మొదలైంది. లక్షా 65 వేల మంది నమోదయ్యారు. మందుపాతరల్లో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకూ, లొంగిపోయిన మావోయిస్టులకూ వేరే విభాగాలు పెట్టారు. డిసెంబర్ 15న జగదల్‌పూర్ ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి వచ్చారు. ఆడిన పిల్లల ఆనందం అబద్ధం కాదు. విల్లు పట్టిన అమ్మాయి, ఖోఖో ఆడిన అమ్మాయి గెలవాలనే ఆడారు. కానీ ఆ ఆటను హింస మీద గెలుపుగా, ప్రధాన స్రవంతిలోకి రాకగా చూపించింది ప్రభుత్వమే. మైదానంలోకి రాజకీయాన్ని ముందుగా తెచ్చింది క్రీడాకారులు కాదు.

అదే ఏడాది అక్టోబర్ చివర, మూల్‌వాసీ బచావో మంచ్‌ను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. 2021 మే నెలలో సిల్గేర్ కాల్పుల తర్వాత పోలీసు క్యాంపులకు వ్యతిరేకంగా ధర్నాలు చేసిన ఆదివాసీ యువత సంస్థ అది. పరుగెత్తడానికి మైదానం ఇచ్చారు, మాట్లాడటానికి ఉన్న వేదిక తీసేశారు.

ఇక్కడ జైపాల్ సింగ్ ముండాను గుర్తు చేసుకోవాలి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వర్ణం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ ఆయన. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో నిలబడి, తాను జంగ్లీనని చెప్పుకోవడానికి సిగ్గుపడనని ప్రకటించి, ఆదివాసీల తరఫున వాదించాడు. ఆయనకు మైదానమూ దొరికింది, సభా దొరికింది. కోంటా కుర్రాడికి సగమే ఇస్తున్నాం.

1931లో బాబాసాహెబ్ తనకు మాతృభూమి లేదని గాంధీతో అన్నాడు. దేశం మీద ద్వేషంతో అన్న మాట కాదది. కుక్కకూ పిల్లికీ ఉన్న విలువ కూడా మనిషికి ఇవ్వని నేలను నాదని ఎలా అనుకోవాలన్న ప్రశ్న అది. ఆ మాట అన్న మనిషే ఈ దేశానికి రాజ్యాంగం రాశాడు. ప్రశ్నించినవాడు దేశాన్ని వదిలేసినవాడు కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

చివరగా ఆ కుర్రాడి దగ్గరికే వస్తాను. పతకం గెలిచి అందరి ముందు నిలబడితే ఏం చేస్తావని అడిగాను. కొంచెం ఆలోచించి, "మా ఊళ్ళో బడి మళ్ళీ తెరవమని చెబుతా సారూ" అన్నాడు. సల్వాజుడుం రోజుల్లో మూతపడిన బడి అది. ఆ మాట చెప్పడానికి పాట అయిపోయేదాకా ఆగడానికి అతను సిద్ధమే. పాట అయ్యాక వినడానికి మనం సిద్ధంగా ఉన్నామా?

జై భీమ్.